డెల్టా ఇళ్లలో బ్రిటిష్ నాణేలు: సేకరణ, విలువ నిర్ధారణ, నమోదు
(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేపథ్యంలో ఒక వివరణ)

వ్యాససంగ్రహం:
కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఇళ్లలో బ్రిటిష్ పాలనాకాలపు వెండి, రాగి నాణేలు నేటికీ కనిపిస్తాయి. ఇవి తూకానికి అమ్ముడై కరిగిపోవడమో, అద్భుతశక్తుల పేరిట జరిగే మోసాలకు పెట్టుబడిగా మారడమో జరుగుతోంది. ఈ నాణేల చారిత్రక నేపథ్యాన్ని, తెలుగు భాషతో వాటికున్న సంబంధాన్ని, విలువ కట్టే పద్ధతిని, నకిలీలను గుర్తించే మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నాణెం విలువలో లోహం, అరుదుదనం, స్థితి అనే మూడింటితోపాటు ‘పూర్వాపరాలు’ అనే నాలుగో అంశం ఉందనీ, దానిని నమోదు చేయవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బ్రిటిష్ నాణేలు, డబ్బు, అణా, టంకశాల, తెనాలి, బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం, క్షేత్రసేకరణ.

1. ప్రవేశిక:

రేపల్లె సమీప గ్రామంలో ఉండే ఈ వ్యాసకర్త అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలో ఒక గుడ్డమూట ఉండేది. అందులో నల్లబడిన వెండి రూపాయలు ఇరవై మూడు. పాఠశాల రోజుల్లో ఒక వేసవి సెలవుల్లో వాటిని చింతపండుతో, బూడిదతో తోమి తళతళలాడించడం జరిగింది. ఆ తరువాత కొన్నేళ్లకు ఇంట్లో అవసరం వచ్చి, అవి తెనాలిలో తూకానికి అమ్ముడయ్యాయి. మూటలో అడుగున ఉండి తోమకుండా మిగిలిపోయిన ఒక్క నాణెం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అది 1862 ముద్ర గల విక్టోరియా రూపాయి. మిగిలిన ఇరవై రెండింటిమీద ఏ ఏడాది ఉందో, ఏ టంకశాల గుర్తు ఉందో ఎవరూ రాసిపెట్టలేదు. అవి ఎవరి కాలంలో, ఏ సందర్భంలో ఇంటికి వచ్చాయో చెప్పగలిగిన అమ్మమ్మగారు ఇప్పుడు లేరు.

ఇది ఒక ఇంటి కథ కాదు. డెల్టా ప్రాంతంలో కొద్దిగా విచారించినా ఇలాంటి మూటలు, డబ్బాలు, దేవుడి గూటిలో పసుపు పూసిన రూపాయలు ఎన్నో బయటపడతాయి. వాటి విషయంలో సాధారణంగా వినిపించే ప్రశ్న ఒక్కటే: “ఇది ఎంత చేస్తుంది?” ఆ ప్రశ్న సహజమైనదే. దానికి సరైన సమాధానం చెప్పాలంటే నాణేన్ని చదవడం తెలియాలి. శాసనాన్నీ తాళపత్రాన్నీ చదివే క్రమశిక్షణ గల తెలుగు పరిశోధకునికి ఈ విద్య దూరమైనది కాదు.

2. చారిత్రక నేపథ్యం:

ఆంగ్లేయుల వ్యాపారచరిత్రలో ఈ ప్రాంతానిది తొలి అధ్యాయం. 1611లో ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ నౌక తూర్పుతీరానికి వచ్చినప్పుడు రేపల్లెకు దక్షిణాన ఉన్న నిజాంపట్నంలోనూ, మచిలీపట్నంలోనూ వ్యాపారానికి పూనుకుంది. నాటి ఆంగ్ల పత్రాలలో కనిపించే ‘పెటపోలి’ ఈ నిజాంపట్నమే. అప్పటికి వారు ఇక్కడి పాలకుల నాణేలతో సరుకు కొనే వర్తకులు మాత్రమే. గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది 1788లో.

ఆరేళ్లకే, 1794లో, ఉత్తర సర్కారుల కోసం కంపెనీ ప్రత్యేకంగా రాగి నాణేలను తయారు చేయించింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వద్ద సోహో టంకశాలలో ఆవిరియంత్రాలపై ముద్రించిన ఈ నాణేలపై ఒకవైపు కంపెనీ వర్తకముద్ర, మరొకవైపు కంపెనీ రాజచిహ్నం ఉన్నాయి. నలభై ఎనిమిది నాణేలు ఒక రూపాయికి సమానమని వాటిమీదే ఇంగ్లీషులో చెక్కారు. తొంభై ఆరింటికి ఒక రూపాయి అయ్యే చిన్న నాణెం కూడా ఉంది. 1797లో మళ్లీ ఇదే తరహా నాణేలు వచ్చాయి. చేతితో సుత్తెదెబ్బ వేసి కొట్టిన వంకర అంచుల రాగిబిళ్లలకు అలవాటుపడిన జనానికి, ఒకే బరువుతో, నిండు వృత్తంగా ఉన్న ఈ నాణేలు కొత్త.

మద్రాసు రాజధానిలో అప్పటికి వరహా, ఫణం, కాసుల లెక్క నడిచేది. ఒక వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. 1818లో వరహా స్థానంలో వెండి రూపాయి ప్రమాణనాణెమైంది. 1835 నాణేల చట్టంతో కంపెనీ పాలిత ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయి వచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. ఈ బరువే ‘తులం’. రూపాయిబిళ్ల డబ్బుగానే కాక తూకపురాయిగానూ పనికిరావడానికి కారణమిదే.

1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. కాలువనీటితో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు వరిచేలయ్యాయి. పంట అమ్మితే వచ్చేది రూపాయి. సర్కారుకు శిస్తుగా కట్టవలసింది రూపాయి. శిస్తు పోగా మిగిలినదే పెట్టెలోకి చేరింది. బ్యాంకులు పల్లెలకు రాని కాలంలో వెండి రూపాయే పొదుపు. కాబట్టి నేడు ఈ ఇళ్లలో దొరికే రూపాయలను ఆ వ్యవసాయ ఆర్థికవ్యవస్థ మిగిల్చిన ఆధారాలుగా చూడాలి.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఈ స్థితి మారింది. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1941-1943 మధ్య విక్టోరియా, ఎడ్వర్డు, జార్జి చక్రవర్తుల పాత వెండి రూపాయలను ప్రభుత్వం దశలవారీగా చలామణి నుంచి ఉపసంహరించింది. గడువులోగా ఖజానాకు తిరిగి ఇవ్వనివే ఇళ్లలో మిగిలాయి. అంటే పెట్టెలోని ప్రతి పాత రూపాయి వెనుక, దీనిని వదులుకోరాదని ఎవరో తీసుకున్న ఒక నిర్ణయం ఉంది.

3. నాణెం - తెలుగు భాష:

నేడు సొమ్ముకు పర్యాయపదంగా వాడుతున్న ‘డబ్బు’ నిజానికి ఒక రాగి నాణెం పేరు. 1794 నాటి నలభై ఎనిమిదో వంతు నాణెం ఆ డబ్బే. ఇంగ్లీషువారు దానిని ‘డబ్’ అని రాసుకున్నారు. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ మాటకు తెలుగు మూలాన్ని చూపింది. రూపాయికి 192 పైలు గనుక, నలభై ఎనిమిదో వంతు అంటే నాలుగు పైలు. మూడు డబ్బులు ఒక అణా. ఈ లెక్క తెలియకపోతే పాత దస్తావేజుల్లో, జమాఖర్చు పుస్తకాల్లో ‘డబ్బు’ అని కనిపించిన చోట దానిని సాధారణంగా ‘సొమ్ము’ అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

దక్షిణాది ‘కాసు’ పోర్చుగీసువారి నోట మారి ఇంగ్లీషులో ‘క్యాష్’ అనే నాణెం పేరైంది. అదే కాసు మన ప్రాంతంలో మరో దారి పట్టింది. బ్రిటిష్ బంగారు సవరను బరువు 7.988 గ్రాములు, 22 క్యారట్ల బంగారం. కోస్తాలో కంసాలి వాడుకలో కాసు అంటే ఎనిమిది గ్రాములు. అంటే లండను నాణెం తూకం మన పెళ్లినగల లెక్కలో ఇప్పటికీ నడుస్తోంది. ఈ సవరనులను 1918లో బొంబాయిలోనూ ముద్రించారు. వాటిపై ‘ఐ’ అనే చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది.

నాణేలమీద తెలుగు లిపి ఉండడం గమనించవలసిన మరో అంశం. మద్రాసు టంకశాల 1807-1808 ప్రాంతంలో విడుదల చేసిన వెండి అర్ధవరహా, పావువరహాలపై గోపురం, విష్ణుమూర్తి బొమ్మలతోపాటు తమిళ, తెలుగు అక్షరాలున్నాయి. అప్పటి రాగి డబ్బులమీదా ఈ రెండు లిపులు కనిపిస్తాయి. శతాబ్దం తరువాత, 1907 నుంచి చలామణిలోకి వచ్చిన అంచు వంపుల నికెల్ మిశ్రమపు అణామీద నాగరి, ఉర్దూ, బెంగాలీ లిపులతోపాటు తెలుగులోనూ విలువ చెక్కారు. అణాబిళ్ల చేతపట్టిన ప్రతివారికీ తెలుగు అక్షరం కంటబడేది.

నాణెం చెల్లకపోయినా దాని పేరు చెల్లుతుంది. ‘పదహారణాల తెలుగు’ అన్నప్పుడు రూపాయికి పదహారు అణాల లెక్క ఉంది. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అన్న సామెతలో అతిచిన్న నాణెం ఉంది. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు. అయితే వీటి అన్వయంలో జాగ్రత్త అవసరం. చిల్లు గల రాగి కాణీ 1943లో, యుద్ధకాలపు లోహపు కొరతవల్ల వచ్చింది. ‘చిల్లిగవ్వ’ అన్న మాటను ఈ కాణీతో ముడిపెట్టకూడదు. అది గవ్వలు మారకంగా నడిచిన రోజుల నుంచి వచ్చింది.

4. విలువ నిర్ధారణ:

పాతదైనంత మాత్రాన నాణేనికి ఎక్కువ ధర రాదు. విలువను నాలుగు అంశాలుగా విడదీసి చూడాలి.

4.1 లోహవిలువ:
1835 నుంచి 1939 వరకు వచ్చిన రూపాయిలో నికర వెండి 10.69 గ్రాములు. 1940-1945 నాటి రూపాయిలో 5.83 గ్రాములు. 1947 రూపాయిలో వెండి లేదు, అది నికెల్. లెక్క సౌలభ్యం కోసం గ్రాము వెండి వంద రూపాయలనుకుంటే మొదటిదాని లోహవిలువ 1069, రెండవదానిది 583 రూపాయలు. మూడవదానికి వెండి ధర వర్తించదు. అరిగిన నాణెం బరువు తగ్గుతుంది కనుక అసలు బరువును తూచి లెక్కించాలి. ఈ మొత్తం నాణెం ధరకు అడుగుమెట్టు మాత్రమే.

4.2 అరుదుదనం:
ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి అన్న రెండు ప్రశ్నలకు సమాధానమే అరుదుదనం. జార్జి చక్రవర్తి కాలపు 1918, 1919 రూపాయలు వందేళ్లు దాటినవే. కాని మొదటి ప్రపంచయుద్ధంలో భారతదేశంలో వెండి నాణేలకు గిరాకీ పెరిగినప్పుడు, 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో అత్యధికభాగం ఇక్కడి రూపాయల కోసమే వచ్చింది. అందుకే ఆ సంవత్సరాల రూపాయలు విస్తారంగా దొరుకుతాయి, వాటి ధర వెండి ధరకు దగ్గరగానే ఉంటుంది.

దీనికి భిన్నమైనది 1911 రూపాయి. రాజు వస్త్రంపై ఉన్న ఏనుగుబొమ్మ తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం దానిని ఉపసంహరించి 1912లో బొమ్మను సవరించింది. కాబట్టి 1911కీ 1912కీ మధ్య తేడా ఒక్క అంకె కాదు. 1939 రూపాయి మరింత అరుదు. పాత ప్రమాణపు వెండితో వచ్చిన చివరి రూపాయి అదే. 1938లోని చివరి అంకెను 9గా దిద్ది అమ్మేవారున్నారు గనుక, ఆ అంకెను భూతద్దం కింద పరిశీలించకుండా నిర్ణయానికి రాకూడదు.

సంవత్సరం ఒక్కటే చూస్తే చాలదనడానికి 1862 రూపాయి మంచి ఉదాహరణ. 1862 తరువాత పన్నెండేళ్లపాటు రూపాయిమీద సంవత్సరం మార్చలేదు. 1874లోనే కొత్త సంవత్సరం కనిపిస్తుంది. ఈ మధ్యకాలంలో బొంబాయి టంకశాల చుక్కలతో తేడా చూపింది. ఆ చుక్కల సంఖ్యను, అవి ఉన్న చోటును బట్టి సేకర్తలు రకాలను గుర్తిస్తారు. కొన్ని రకాలు మామూలువి, కొన్ని దుర్లభం. టంకశాల గుర్తులూ ఇలాంటివే. కలకత్తా నాణేలపై సాధారణంగా గుర్తు ఉండదు. జార్జి కాలపు బొంబాయి నాణేలపై చిన్న చుక్క ఉంటుంది. 1943-1945 నాటి లాహోరు నాణేలపై ‘ఎల్’ అక్షరం ఉంటుంది.

4.3 స్థితి:
సేకర్తలు నాణెం స్థితిని ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అనే మెట్లుగా చెబుతారు. బొమ్మలో ఎత్తుగా ఉన్న భాగాలు ముందుగా అరుగుతాయి. విక్టోరియా నాణెంలో కిరీటం, కనుబొమ, జుట్టుపాయలను చూడాలి. జార్జి నాణెంలో కిరీటపు రత్నాలను, వస్త్రంపై ఏనుగును చూడాలి. ఒకే సంవత్సరపు రెండు నాణేలకు స్థితిభేదంవల్ల ధరలో అనేకరెట్ల తేడా వస్తుంది.

ఇక్కడే మన ఇళ్లలో పెద్ద నష్టం జరుగుతోంది. వెండిమీది నలుపు మురికి కాదు. గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పలుచని పొర అది. చింతపండు పులుపు, బూడిద గరుకు కలిసి ఆ పొరతోపాటు టంకశాల ముద్ర మిగిల్చిన సహజమైన మెరుపునూ తీసేస్తాయి. తోమిన నాణెం తళతళలాడుతుంది గాని, భూతద్దం కింద గీతలు కనిపిస్తాయి. దానికి సేకర్త ఇచ్చే ధర పడిపోతుంది. ఆ మెరుపును తిరిగి తెచ్చే ఉపాయం లేదు. చెవులు అతికించినవీ, రంధ్రం చేసి మెడలో కట్టినవీ సేకరణ ధర పోగొట్టుకుంటాయి. అయితే అవి నగగా మారిన విధానానికి సాక్ష్యాలు కనుక పరిశోధకునికి అవీ విలువైనవే.

4.4 పూర్వాపరాలు:
నాణెం ఎక్కడ దొరికింది, ఏ నాణేలతో కలిసి ఉంది, ఇంటికి ఎలా వచ్చింది, ఇంట్లో దానిని ఏమని పిలిచేవారు అన్నవి పూర్వాపరాలు. మొదటి మూడు అంశాలను నాణెం తానే చెబుతుంది. ఈ నాలుగోదానిని మనిషి చెప్పాలి. ఒక మూటలోని ఇరవై నాణేలను విడివిడిగా అమ్మితే ఇరవై ధరలు వస్తాయి. కలిపి నమోదు చేస్తే, ఆ కుటుంబం ఏ దశాబ్దాల్లో పొదుపు చేయగలిగిందో, ఎప్పుడు ఆగిపోయిందో తెలుస్తుంది. మార్కెట్టు ఈ విలువను లెక్కించదు. అందుకే ఇది అన్నింటికంటే ముందుగా నశిస్తుంది.

5. నకిలీలు, మోసాలు:

రాములవారి పట్టాభిషేకం, ఆంజనేయుడు మొదలైన బొమ్మలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1616, 1717, 1818 వంటి సంవత్సరాలతో కనిపించే రాగి, ఇత్తడి బిళ్లలు గ్రామాల్లో తిరుగుతున్నాయి. ఇవి కంపెనీ నాణేలు కావు. 1616 నాటికి కంపెనీ నిజాంపట్నం వంటి రేవుల్లో వ్యాపారం చేసుకుంటున్న సంస్థ మాత్రమే. అణాల లెక్కలో ఇంగ్లీషు అక్షరాలతో ఇలాంటి బిళ్లలను అది ముద్రించే అవకాశమే లేదు. మద్రాసు వరహాలపై విష్ణుమూర్తి నిజంగానే ఉన్నాడు గనుక, దేవుడి బొమ్మ గల కంపెనీ నాణెం అనగానే జనం నమ్ముతున్నారు. మోసం సగం నిజాన్ని ఆసరా చేసుకుంటోంది.

ఇలాంటి బిళ్లలు బియ్యపు గింజలను ఆకర్షిస్తాయనీ, కోట్లు పలుకుతాయనీ చెప్పి ‘రైస్ పుల్లింగ్’ పేరుతో ముందస్తు సొమ్ము గుంజే ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. రాగికి గింజను ఆకర్షించే గుణం లేదు. గింజ కదిలితే దానికి ఇనుపరజను పూసి, ఎక్కడో అయస్కాంతం దాచారని అర్థం. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకొని రుసుములు అడిగేవారిని నమ్మవద్దని భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అమ్మేవాని దగ్గరే ముందుగా డబ్బు అడిగే కొనుగోలుదారు ఉండడన్న చిన్న తర్కం చాలు, చాలామంది నష్టపోకుండా ఉండేవారు.

సాధారణ నకిలీలను గుర్తించడానికి తేలికపాటి పరీక్షలున్నాయి. సున్నితమైన త్రాసులో రూపాయి 11.66 గ్రాములకు దగ్గరగా ఉండాలి. వెండి రూపాయి అయస్కాంతానికి అంటుకోదు. 1947 నికెల్ రూపాయి అంటుకుంటుంది. పాత ప్రమాణపు వెండి సాపేక్ష సాంద్రత సుమారు 10.3. పోతపోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుబారి, ఉపరితలంపై సన్నని గుంటలు, అంచున అతుకుగీత కనిపిస్తాయి.

6. సేకరణ, నమోదు:

క్షేత్రసేకరణకు వెళ్లే పరిశోధకుడు నాణేన్ని కొనవలసిన పని లేదు, నమోదు చేస్తే చాలు. ప్రతి నాణేనికీ క్రమసంఖ్య, సంవత్సరం, టంకశాల గుర్తు, బరువు, వ్యాసం, రెండువైపుల ఛాయాచిత్రం, స్థితి రాయాలి. ఆ తరువాత ఇంటివారి మాటలను వారి పలుకుబడిలోనే రాసుకోవాలి. ‘కాణీ’, ‘ఏగాణీ’, ‘దమ్మిడీ’ వంటి పేర్లకు ఊరినిబట్టి, తరాన్నిబట్టి విలువ మారవచ్చు. నిఘంటువులోని అర్థాన్ని వారి నోట పెట్టకూడదు. ఇంటివారి పేర్లు, చిరునామాలు ప్రచురణలో ఇవ్వకపోవడం వారి భద్రతకు అవసరం. నాణేలను అంచులు పట్టుకొని ఎత్తాలి. మెత్తని పి.వి.సి. సంచుల్లో కాక, ఆమ్లరహిత కాగితపు పొట్లాల్లో భద్రపరచమని సూచించాలి.

చట్టపరమైన అంశాలు రెండు తెలిసి ఉండాలి. భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. దానిని వ్యక్తులు సొంతంగా విదేశాలకు పంపరాదు.

తెనాలి, బాపట్ల, రేపల్లెలలోని కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులకు ఇది చక్కని ప్రాజెక్టు పని కాగలదు. ఒక్కొక్క విద్యార్థి తన ఇంట్లోని, ఇరుగుపొరుగులోని నాణేలను నమోదు చేసినా రెండుమూడేళ్లలో ఒక ప్రాంతీయ జాబితా తయారవుతుంది. వరహాల కాలపు నాణేలకు వాల్టర్ ఇలియట్, ఎడ్గర్ థర్‌స్టన్ వంటివారు పందొమ్మిదో శతాబ్దిలోనే గ్రంథాలు రాశారు. వారు చూసినది పాలకుల నాణేలను. అదే నాణేన్ని వాడినవారి వైపు నుంచి చూడడం తెలుగులో జరగవలసిన పని.

7. ముగింపు:

• ఈ ప్రాంతపు ఇళ్లలోని బ్రిటిష్ నాణేలు డెల్టా వ్యవసాయచరిత్రకు, తెలుగు పలుకుబడికి ఆధారాలు.
• వయస్సు విలువకు కొలమానం కాదు. లోహం, అరుదుదనం, స్థితి, పూర్వాపరాలు అనే నాలుగింటినీ విడివిడిగా చూడాలి.
• నాణేలను తోమడం, విడదీసి అమ్మడం తిరిగి పూడ్చలేని నష్టం.
• దేవుడి బొమ్మల ‘కంపెనీ బిళ్లలు’ నాణేలు కావని ప్రజలకు చెప్పడం అధ్యాపకుల సామాజిక బాధ్యత.

1957 ఏప్రిల్ 1న దశాంశపద్ధతి వచ్చి అణాల లెక్క ముగిసింది. ఆ రోజుకు పదేళ్ల వయసున్నవారికి నేడు దాదాపు ఎనభై ఏళ్లు. అణాబేడలతో అంగడికి వెళ్లి సరుకు కొన్న చివరి తరం వారిదే. నాణేలు మరికొంతకాలం పెట్టెల్లో ఉంటాయి. వాటి గురించి చెప్పగలిగినవారు అంతకాలం ఉండరు. కాబట్టి నమోదు ముందు వారి మాటతో మొదలు కావాలి, తూకం ఆ తరువాత చూడవచ్చు. ఈ వ్యాసకర్త దగ్గర మిగిలిన 1862 రూపాయిమీద చుక్కలను ఇప్పుడు లెక్కపెట్టవచ్చు. అది ఎవరి కష్టార్జితమో అడగడానికి మాత్రం ఆలస్యమైపోయింది.